ఇంట్లో మనిషి విద్వేషంలోకి జారిపోతుంటే ఏం చేయాలి?

"మా నాన్న ఇదివరకటి మనిషి కాదు. పొద్దున లేస్తే ఫోన్, ఫోన్ తెరిస్తే తిట్లు. ఏం మాట్లాడినా కొట్లాటే అవుతోంది. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒకరికి నాన్న, ఒకరికి అన్నయ్య, ఒకరికి హాస్టల్లో ఉన్న కొడుకు, మొన్న ఒకావిడకి న్యూజెర్సీలో ఉన్న అక్క. ఒకరు ఒక మతాన్ని తిడుతున్నారు, ఇంకొకరు ఒక కులాన్ని, మరొకరు పక్క ప్రాంతం వాళ్ళని. తిట్టేది ఎవరినైనా దారి మాత్రం దాదాపు ఒకటే. అందుకే అందరికీ పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను. ఇందులో సగం మా బాబాయ్‌తో మేము పడ్డ పాట్ల నుంచి వచ్చింది.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఏ భావమైనా మన దగ్గరికి ఒక మనిషి చెయ్యి పట్టుకునే వస్తుంది. 1980లో పీపుల్స్ వార్ పెట్టిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు కాజీపేటలో హిందీ టీచరు. చాలామంది కుర్రాళ్ళు ఆ రాజకీయాల్లోకి వెళ్ళింది గురువు మీద గురి వల్ల, హాస్టల్ రూమ్మేట్ మీద నమ్మకం వల్ల. పుస్తకాలు తర్వాత చదివారు. ఇవాళ ఫోన్ వచ్చింది, అంతే తేడా. కాబట్టి మీరు పోటీ పడాల్సింది ఒక వీడియోతో అనుకోకండి. ఆ వీడియో పంపిన మనిషి మీకన్నా దగ్గరయ్యాడు. మళ్ళీ మీరు దగ్గరవ్వాలి. కింద చెప్పేదంతా అందుకోసమే.

ఏమేం కావాలి

- ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను.
- మూడు నాలుగు నెలల టైమ్. వారంలో అయ్యే పని కాదు.
- ఇంట్లో మీతో కలిసి నడిచే ఇంకో మనిషి. మా ఇంట్లో పిన్ని.
- ఇద్దరే కూర్చుని మాట్లాడుకోగల చోటు. డాబా, పొలం గట్టు, కారు, ఏదైనా సరే.
- గూగుల్ లెన్స్ (ఒక ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికిపెట్టేది) ఉన్న ఒక ఫోన్.
- అవసరం పడితే చేయాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, పిల్లల విషయమైతే 1098, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416.

1. ఇది మీరు చేయగల పనేనా, ముందు తేల్చుకోండి

చిరాకుగా తిట్టడం వేరు, దెబ్బకొట్టడానికి తయారవడం వేరు. ఆయుధాల గురించి మాట్లాడుతున్నా, ఒక ఫలానా మనిషి పేరో వీధి పేరో పెట్టి "చూపిస్తాం" అంటున్నా, ఎవరికీ చెప్పకుండా రాత్రిళ్ళు మీటింగులకు వెళ్తున్నా, ఉన్నట్టుండి డబ్బులిచ్చేస్తున్నా, పాత స్నేహితులందరినీ ఒకేసారి వదిలేసినా ఈ గైడ్ చాలదు.

హెచ్చరిక: అలాంటప్పుడు ఒంటరిగా నిలదీయకండి. నమ్మకమైన పెద్దమనిషిని, లాయర్ని, అవసరమైతే పోలీసుల్ని కలవండి. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే ఇంటి పరువు గురించి ఆలోచిస్తూ కూర్చోకండి, 112కి చేయండి.

2. రెండు వారాలు నోరు మెదపకుండా రాసుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మొదటిరోజే వాదనకు దిగుతారు. మీరు రెండు వారాలు ఏమీ అనకండి. మీకు పంపినవీ, మీ ముందు అన్నవీ మాత్రం రాసుకోండి: ఏ రోజు, ఎన్నింటికి, ఏ మాట, ఎవరు చెప్పారని అన్నారు.

బాబాయ్ మిర్యాలగూడలో ఉంటాడు. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా ఉంది: "మంగళవారం, పొద్దున 5.40. ఐదు ఫార్వర్డ్‌లు. వాటిలో మూడింటి మీద రెండు బాణాల గుర్తు (చాలా చేతులు మారి వచ్చిందని వాట్సాప్ పెట్టే గుర్తు). 'మనవాళ్ళకు పౌరుషం చచ్చిపోయింది' అన్నాడు. ఎవరన్నారంటే, మా ఆఫీసు ఫ్రెండ్ పంపాడు అన్నాడు." రెండు వారాలకు 61 ఫార్వర్డ్‌లు లెక్కకొచ్చాయి. వాటిలో 40కి పైగా ఇద్దరి నుంచే. ఒకరు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇరవై ఏళ్ళు ఒకే జీపులో తిరిగిన స్నేహితుడు. రెండో ఆయన పొద్దున వాకింగ్‌లో పరిచయమైన మనిషి.

హెచ్చరిక: వాళ్ళ ఫోన్ దొంగచాటుగా తెరవకండి. దొరికిపోతే ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు. తప్పు కూడా.

3. ఎన్ని నోళ్ళు అన్నది లెక్క తేల్చండి

మేకను భుజాన వేసుకుపోతున్న బ్రాహ్మణుడి కథ మీకు తెలిసిందే. ఒక దొంగ ఎదురొచ్చి "కుక్కను మోస్తున్నావేంటయ్యా" అంటే నవ్వాడు. రెండోవాడంటే అనుమానపడ్డాడు. మూడోవాడు అనేసరికి కింద పడేసి పోయాడు. ముగ్గురూ కూడబలుక్కున్నారని ఆయనకు తెలియదు. "పది గ్రూపుల్లో వచ్చింది, అందరూ అబద్ధం చెప్తారా?" అనేవాళ్ళదీ అదే పరిస్థితి. పది గ్రూపుల్లోనూ వేసేది ఒకడే అయివుండొచ్చు.

ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెవిన పడితే చాలు, నిజమనిపించడం మొదలవుతుంది. ఇది తెలివితక్కువవాళ్ళకే జరుగుతుందనుకోకండి. 1977లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు కొన్ని వాక్యాలు వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ వినిపించి చూశారు. పదేపదే విన్నవాటికి, అవి నిజమైనా అబద్ధమైనా, "నిజమే" అన్న మొగ్గు పెరుగుతూ వచ్చింది. మీకూ నాకూ అదే జరుగుతుంది.

మీ నోట్‌బుక్ తీసి ప్రతి ఫార్వర్డ్ పక్కన పంపిన మనిషిని రాయండి. ఆఖరికి ఒకరో ఇద్దరో మిగులుతారు. ఆ మనిషిని తిట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. మీ వాళ్ళకు ఆ మనిషి ఏమిస్తున్నాడో తర్వాతి మెట్టులో తెలుసుకోవాలి, అందుకు.

4. ఏ లోటు తీరుతోందో కనిపెట్టండి

దీనిమీద ఎక్కువ టైమ్ పెట్టండి. నా అనుభవంలో అన్నిటికన్నా బరువైన మెట్టు ఇదే.

ద్వేషం చప్పగా ఉంటే ఎవరూ పుచ్చుకోరు. దానితోపాటు ఏదో ఒకటి దొరుకుతోంది. బాబాయ్ సంగతే చూడండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు వర్షం పడి కరెంటు పోతే ఊరు ఊరంతా ఆయనకే ఫోన్ చేసేది. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్ళేవాడు. రిటైరయ్యాక ఆ ఫోన్ మోగడం ఆగిపోయింది. పిల్లలిద్దరూ బెంగళూరులో. అలాంటప్పుడు ఒక గ్రూపు ఆయన్ని "అన్నగారూ, మీలాంటి పెద్దలే మేల్కొలపాలి" అని పిలిచింది. పొద్దున్నే అయిదింటికి లేవడానికి ఒక పని దొరికింది. మా ఇంట్లో ఎవరం ఆయనకు రోజూ గుడ్ మార్నింగ్ కూడా చెప్పేవాళ్ళం కాదు, వాళ్ళు చెప్పారు. నోట్‌బుక్‌లో ఆ సంగతి రాసుకున్నప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

మీవాళ్ళ విషయంలో ఇవి చూడండి: ఈమధ్య ఉద్యోగం పోయిందా? ఎక్కడైనా అవమానం జరిగిందా? పెళ్ళి సంబంధం తప్పిపోయిందా? ఊరు మారారా? అప్పు, జబ్బు, ఒంటరితనం ఏమైనా ఉందా? దొరికినదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకో వారం గమనించండి. ఇది తేలకుండా ముందుకెళ్తే మిగతా మెట్లు పనిచేయవు.

5. చోటు, వేళ ఎంచుకోండి

ఫ్యామిలీ గ్రూపులో వాదించకండి. నలుగురి ముందు ఓడిపోవడం ఎవరికీ ఇష్టముండదు. వెనక్కి తగ్గాలని ఉన్నా తగ్గరు. పండగ భోజనం దగ్గర, టీవీ డిబేట్ నడుస్తున్నప్పుడు, ఆకలిమీద ఉన్నప్పుడు కూడా వద్దు. ఎదురెదురుగా కూర్చోవడంకన్నా పక్కపక్కన నడుస్తూనో, బండిమీద వెళ్తూనో మాట్లాడితే మాట సులువుగా వస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళు: మెసేజ్‌లలో మొదలుపెట్టకండి. వీడియో కాల్ చేయండి, మొదటి మూడు కాల్స్‌లో ఈ విషయమే ఎత్తకండి.

6. అడగండి, వినండి, తర్వాతే చెప్పండి

2016లో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని మయామీలో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. ఇంటింటికీ వెళ్ళి ట్రాన్స్‌జెండర్ల పట్ల వివక్ష గురించి ఓటర్లతో పది నిమిషాలు మాట్లాడారు. వెళ్ళినవాళ్ళు ఉపన్యాసం ఇవ్వలేదు. "నలుగురిలో మీరు వేరుగా కనిపించినందుకు మిమ్మల్ని ఎవరైనా తక్కువగా చూశారా?" అని అడిగి విన్నారు. ఆ మాటల ప్రభావం మూడు నెలల తర్వాత కూడా కనిపించింది. మన ఇళ్ళకు దీన్ని ఇలా వాడుకోవచ్చు:

అనకూడనిది: "బాబాయ్, ఇదంతా ఫేక్. ఇంత చదువుకుని ఇవెలా నమ్ముతావ్?"

అనాల్సింది: "బాబాయ్, ఇది చూసినప్పుడు నీకేమనిపించింది?"

మొదటిసారి అడిగినప్పుడు ఆయన పావుగంట అరిచాడు. నేను అడ్డుపడలేదు. రెండోసారి, సాగర్ కాలవ గట్టుమీద నడుస్తూ, "భయమేస్తుంది తల్లీ. పిల్లలు దూరంగా ఉన్నారు. రేపు ఏదైనా అయితే మాకెవరున్నారు?" అన్నాడు. 61 ఫార్వర్డ్‌ల కింద ఉన్నది ఆ ఒక్క మాట. దానికి జవాబు గూగుల్‌లో దొరకదు.

ఆ మాట బయటికొచ్చాకే రెండో ప్రశ్న అడగండి: "నీకు స్వయంగా తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" గుంపు గురించి మాట్లాడే మనిషిని ఒక్క మనిషి దగ్గరికి తీసుకురావాలి. మా వీధి మొదట్లో పదిహేనేళ్ళుగా బత్తాయిల బండి పెట్టుకునే ఒకాయన ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ముస్లిం వ్యాపారులు పండ్లమీద ఉమ్ముతున్నారంటూ వీడియోలు తిరిగినప్పటి నుంచి బాబాయ్ ఆయన దగ్గర కొనడం మానేశాడు. పిన్ని మాత్రం రహస్యంగా కొని, బత్తాయిల సంచి బియ్యం డబ్బా వెనక దాచేది. నేను అడిగింది ఇంతే: "బాబాయ్, నువ్వు స్తంభం మీంచి పడి కాలు విరిగినప్పుడు నిన్ను ఆటో ఎక్కించింది ఎవరు?" ఆయన మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు. ఇంటిదాకా నడిచొచ్చేశాం.

హెచ్చరిక: ఆ నిశ్శబ్దంలో "చూశావా మరి" అనకండి. అప్పటిదాకా చేసిందంతా పోతుంది.

7. ఒక్కటే, ఇద్దరూ కలిసి సరిచూడండి

అన్ని ఫార్వర్డ్‌లూ అబద్ధమని నిరూపించాలని చూడకండి. ఒక్కటి తీసుకోండి. వాళ్ళకు బాగా కోపం తెప్పించినది వద్దు, మామూలుది తీసుకోండి.

మొదట గుర్తు చూపించండి. మెసేజ్ పైన రెండు బాణాలుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. పంపిన స్నేహితుడు మంచివాడే కావచ్చు, కానీ తీసిందెవరో ఆయనకూ తెలియదు. ఇలాంటి మెసేజ్‌లను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్లో వాట్సాప్ కట్టడి పెట్టింది. తర్వాత వీడియోను ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయించండి. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, వేలు వాళ్ళదే కదలాలి. పాత తేదీ, వేరే ఊరు కనిపిస్తే వాళ్ళే చదవాలి. తెలుగులో అయితే ఫ్యాక్ట్‌లీ అనే నిజనిర్ధారణ వెబ్‌సైటులో వెతకండి. మేము ఆ ఉమ్మి వీడియోల్లో ఒకదాన్ని చూశాం. అది మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌ది, లాక్‌డౌన్‌కు ముందు ఫిబ్రవరిలో తీసింది.

అబద్ధం ప్రాణం తీసేదాకా వెళ్తుందని చెప్పాలనుకుంటే 2018 సంగతి చెప్పండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. చివర్లో పిల్లాణ్ణి తిరిగి అప్పగించే ముక్క కోసేసి పంచారు. ఆ వదంతులు తిరుగుతున్న జూలై నెలలోనే బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్ యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. ఆ చంపినవాళ్ళూ తమ పిల్లల్ని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు.

ఆ ఏడాదే జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో పోలీసుకు అప్పగించారు. జానపద కళాకారులతో, డప్పుతో ఊళ్ళలో పాటలు పాడించి ఆ పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. ఊరివాళ్ళు నమ్మేది తమకు తెలిసిన గొంతునని ఆవిడ పట్టుకున్నారు. మీ ఇంట్లో కూడా మీ మాట చెల్లకపోతే చెల్లే గొంతు వెతకండి: చిన్నప్పటి టీచరు, గుడి పూజారి, పాత కొలీగ్. మా ఇంట్లో ఆ జీపు స్నేహితుడి భార్యే సాయం చేశారు. ఆవిడా అదే బాధపడుతున్నారని తర్వాత తెలిసింది.

8. ఖాళీ నింపండి

నాలుగో మెట్టులో రాసిన వాక్యం తీయండి. ఆ లోటు వేరే దారిలో తీరకపోతే ఆ గ్రూపు వదిలించినా ఇంకో గ్రూపులో చేరతారు. బాబాయ్‌కి మేము రెండు పనులు పురమాయించాం. అపార్ట్‌మెంట్ వాళ్ళకు వైరింగ్ చూసిపెట్టడం ఒకటి. రోజూ రాత్రి ఎనిమిదింటికి మనవరాలికి వీడియో కాల్‌లో లెక్కలు చెప్పడం రెండోది. మొదట విసుక్కున్నాడు. నెల తిరక్కముందే ఏడున్నరకే కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేవాడు.

ఎంత లోతుకు వెళ్ళినవాళ్ళకైనా దారి ఉంటుందనడానికి అమెరికాలో డెరెక్ బ్లాక్ ఉదాహరణ ఉంది. తెల్లజాతి ఆధిక్యవాదుల వెబ్‌సైటు స్టార్మ్‌ఫ్రంట్ పెట్టిన డాన్ బ్లాక్ సంతానం, ఆ భావాల్లోనే పెరిగారు. ఫ్లోరిడాలో కాలేజీలో ఉండగా సంగతి బయటపడింది. చాలామంది దూరం పెట్టారు. ఒక యూదు విద్యార్థి మాత్రం తన గదిలో జరిగే శుక్రవారం భోజనానికి పిలిచాడు. వాదనలు స్నేహం కుదిరాక జరిగాయి. 2013లో డెరెక్ బహిరంగంగా ఆ ఉద్యమాన్ని వదిలేశారు.

కుర్రాళ్ళ విషయంలో కొన్ని మార్పులు

పదిహేను నుంచి ఇరవై ఏళ్ళవాళ్ళకు ఇది రీల్స్, గేమ్ చాట్‌లు, ఫ్యాన్ గ్రూపుల ద్వారా వస్తుంది. చాలావరకు జోకు వేషంలో వస్తుంది, "ఊరికే మీమ్ అమ్మా" అంటారు. జోకు వివరించమనండి: "ఇందులో నవ్వేదెక్కడ? నాకు అర్థం కాలేదు, చెప్పు." చెప్పబోయి వాళ్ళే ఇబ్బందిపడతారు. ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తారు, పైగా మీకు చెప్పడం మానేస్తారు. వయసులో అయిదారేళ్ళు పెద్దయిన కజిన్ మాట అమ్మానాన్నల మాటకన్నా బాగా ఎక్కుతుంది.

అందరూ చేసే తప్పులు

"ఇది ఫేక్, చూడండి" అని అదే వీడియోను మళ్ళీ గ్రూపులో వేయడం. అబద్ధానికి ఇంకో విడత ప్రచారం అవుతుంది. గ్రూపులో తప్పక రాయాల్సి వస్తే నిజం మాత్రం రెండు వాక్యాల్లో రాసి ఆపండి, జవాబులకు జవాబివ్వకండి.

వాళ్ళ నమ్మకం మొత్తాన్నీ కొట్టిపారేయడం. బాబాయ్ గుడికి వెళ్తాడు, తన సంప్రదాయమంటే ప్రాణం. దాంతో నాకు పేచీ లేదు. పేచీ పక్కవాడి మీది ద్వేషంతోనే. ఈ రెండూ కలిపేశారా, "నా దేవుణ్ణే వద్దంటున్నారు" అని గోడ కట్టుకుంటారు.

ఇంకోవైపు ద్వేషాన్ని చూపించి తూకం వేయడం. "వాళ్ళు మాత్రం తక్కువా" అన్న వాదన ఎన్నేళ్ళు సాగినా తెగదు.

మాట్లాడటం మానేయడం. మీరు మానేసిన చోట వాళ్ళకు మిగిలేది ఆ గ్రూపే. మరీ భరించలేనప్పుడు, లేదా ఆ ద్వేషం మీ మీదికే వస్తున్నప్పుడు, కొన్నాళ్ళు దూరంగా ఉండండి. అది తప్పు కాదు. ఇంట్లో ఇంకొకరు అందుకోవాలి, అందుకే తోడు కావాలన్నాను.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

"నాదే తప్పు" అంటారని ఎదురుచూడకండి. మా బాబాయ్ ఇప్పటికీ అనలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ రెండు వారాలు నోట్‌బుక్ రాయండి, పాత పేజీలతో పోల్చండి. చూడాల్సినవి ఇవి:

- ఫార్వర్డ్‌ల లెక్క తగ్గిందా? మాకు 61 నుంచి 22కి వచ్చింది.
- "వాళ్ళు" అనే చోట ఎప్పుడైనా ఒక మనిషి పేరు వస్తోందా?
- పంపే ముందు "ఇది నిజమేనా చూడు" అని మిమ్మల్ని అడుగుతున్నారా? అడిగితే పెద్ద మార్పే.
- వేరే విషయాలు మాట్లాడుతున్నారా? వాన, కూర, క్రికెట్, ఏదైనా.
- చేతల్లో ఏమైనా మారిందా? అయిదో నెలలో ఒకరోజు వెళ్తే బత్తాయిల సంచి డైనింగ్ టేబుల్ మీద ఉంది. ఎవరు తెచ్చారని నేనడగలేదు.

లెక్క ఏమీ కదలకపోతే నాలుగో మెట్టు తప్పు రాసుకున్నారన్నమాట. వెనక్కి వెళ్ళి మళ్ళీ గమనించండి. రాత్రి నిద్రపట్టకపోవడం, ఎవరో వెంటపడుతున్నారన్న భయం లాంటివి కనిపిస్తే 14416కి చేయండి, డాక్టరుకు చూపించండి.

తగ్గింది కదా అని వదిలేయకండి. ఎన్నికలప్పుడు, పెద్ద ఊరేగింపులప్పుడు, ఎక్కడో ఏదో దాడి జరిగిన వారంలో మళ్ళీ ఎక్కువవుతుంది. మాకూ రెండుసార్లు అయింది. అలాంటి రోజులు వస్తున్నాయని తెలిస్తే వారం ముందే వెళ్ళి, ఒక పూట వాళ్ళతో నడిచి రండి. నోట్‌బుక్ సంచిలో వేసుకెళ్ళండి.